రోడ్డు మీద పోలీసులు ఆపితే: తరచుగా అడిగే ప్రశ్నలు

పోలీసు చెయ్యెత్తి ఆపగానే ఏ తప్పూ చేయనివాడికి కూడా టెన్షన్ మొదలవుతుంది. కొందరు భయంతో అన్నిటికీ తలూపుతారు. కొందరు వాదనకు దిగి లేని కేసు నెత్తికి తెచ్చుకుంటారు. పోలీసుకు ఎంతవరకు అధికారం ఉందో తెలిస్తే ఈ రెండూ తగ్గుతాయి.

మన దేశంలో 2024 జూలై 1 నుంచి అరెస్టు, దర్యాప్తు పద్ధతులను చెప్పే పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. కింద ఏ చట్టమో చెప్పకుండా ఉత్త సెక్షన్ నంబరు రాసిన చోటల్లా అది ఈ సంహితలోదే. మీ మీద ఇప్పటికే కేసు నడుస్తుంటే మాత్రం ఈ పేజీ సరిపోదు, లాయరును కలవండి.

అసలు పోలీసులు ఎవరినైనా ఆపి ప్రశ్నలు అడగొచ్చా?

అడగొచ్చు. "ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి వెళ్తున్నారు" అని అడగడానికి వారంటు అక్కర్లేదు, కేసు ఉండాల్సిన పనీ లేదు. చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. అడగడం వేరు, కదలనివ్వకుండా ఆపడం వేరు, అరెస్టు చేయడం వేరు. అడగడానికి చట్టం పెద్దగా షరతులు పెట్టలేదు. మిగతా రెండింటికీ కారణం ఉండాలి, ఆ కారణం ఏదో ఒక సెక్షన్‌లో ఇమడాలి. రాజ్యాంగం 21వ అధికరణం చెప్పేది ఇదే: చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప మనిషి స్వేచ్ఛను తీసేయకూడదు.

అమెరికాలో, బ్రిటన్‌లో అనుమానం మీద దారిన పోయే మనిషిని ఆపి పైపైన తడిమి చూసే అధికారం పోలీసులకు తీర్పుల ద్వారానో చట్టం ద్వారానో వచ్చింది. మన సంహితలో అలాంటి సాధారణ అధికారం ఇచ్చే సెక్షన్ లేదు. ఇక్కడ రోడ్డు మీద జరిగే చెకింగ్‌లో ఎక్కువ భాగం మోటారు వాహనాల చట్టం, మాదకద్రవ్యాల చట్టం లాంటి ప్రత్యేక చట్టాల కింద జరుగుతుంది. మిగతాది మనం ఒప్పుకోవడం వల్ల జరుగుతుంది. ఒప్పుకుంటున్నామన్న సంగతి మనకు తెలియకపోవడమే అసలు బాధ.

నన్ను ఉత్తగా అడుగుతున్నారా, పట్టుకున్నారా అన్నది ఎలా తెలుస్తుంది?

మర్యాదగా అడిగేయండి: "సార్, నేను వెళ్లొచ్చా?" వెళ్లమంటే వెళ్లిపోండి. ఆగమంటే రెండో ప్రశ్న: "ఏ విషయంలో ఆపారు సార్?" గొంతు పెంచకుండా ఈ రెండు ముక్కలు అడిగితే చాలు, మీరు ఎక్కడ నిలబడ్డారో తేలిపోతుంది. జవాబు ఏం చెప్పారో, ఆ టైము ఎంతో గుర్తుంచుకోండి. రేపు కోర్టు దాకా వెళ్తే మొదట చూసేది టైమే.

చెప్పాపెట్టకుండా పరుగెత్తడం మాత్రం వద్దు. పారిపోవడమే నేరం కాకపోయినా, అప్పటిదాకా లేని అనుమానానికి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది.

పేరు, అడ్రస్ చెప్పాలా?

ఊరికే నడిచి వెళ్తున్న మనిషి పేరు చెప్పకపోతే అరెస్టు చేయొచ్చని ఏ సెక్షనూ అనదు. సెక్షన్ 39 చెప్పేది వేరే సందర్భం. వారంటు లేకుండా అరెస్టు చేయడానికి వీల్లేని చిన్న నేరం ఒకటి పోలీసు కళ్ల ముందే చేసినా, అలాంటి నేరం చేశారని ఆరోపణ వచ్చినా, అప్పుడు పేరూ నివాసమూ అడిగితే చెప్పాలి. చెప్పకపోతే, తప్పుడు పేరు చెబితే, అసలు పేరు తెలుసుకునేంతవరకు అరెస్టు చేయొచ్చు. తెలిశాక బాండు రాయించుకుని వదలాలి. 24 గంటల్లో తేలకపోతే మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి.

ఇదంతా చట్టం మాట. నా సలహా అడిగితే, పేరూ ఊరూ చెప్పేయండి. దానివల్ల పోయేది దాదాపు ఏమీ ఉండదు, చెప్పకపోతే పెరిగేది చాలా ఉంటుంది. తప్పుడు పేరు మాత్రం ఎప్పుడూ చెప్పొద్దు. మౌనంగా ఉండటం కంటే అబద్ధం చెప్పడం చట్టం దృష్టిలో చాలా పెద్ద విషయం.

ఆధార్ దగ్గర లేకపోతే?

ఏమీ కాదు. ఇంట్లోంచి బయటికొచ్చే ప్రతి పౌరుడూ గుర్తింపు కార్డు జేబులో పెట్టుకోవాలన్న చట్టం మన దేశంలో లేదు.

అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పి తీరాలా?

ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతుంటాయి. ఒక కేసు దర్యాప్తులో ఉండి, ఆ విషయం మీకు తెలిసి ఉంటుందనుకుంటే పోలీసు అధికారి మిమ్మల్ని సెక్షన్ 180 కింద ప్రశ్నించొచ్చు. అప్పుడు నిజం చెప్పే బాధ్యత మీకు ఉంది. కానీ అదే సెక్షన్ ఒక మినహాయింపు ఇచ్చింది: మిమ్మల్నే నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు. రాజ్యాంగం 20వ అధికరణం మూడో క్లాజు కూడా నిందితుణ్ని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదంటుంది. నందిని శతపతి కేసులో 1978లో సుప్రీంకోర్టు ఈ రక్షణ కోర్టు గదికే పరిమితం కాదని, పోలీసులు ప్రశ్నించేటప్పుడూ ఉంటుందని చెప్పింది.

అలా చెప్పిన మాటను పోలీసులు రాసుకుంటే దాని మీద మీ సంతకం తీసుకోకూడదు. సెక్షన్ 181లో ఉన్న మాట ఇది. "చదివి సంతకం పెట్టు" అని కాగితం ముందు పెడితే ఇది గుర్తుంచుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎవరు అడిగినా పెట్టొద్దు. పోలీసు ముందు "నేనే చేశాను" అని ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలును మీ మీద రుజువుగా వాడటానికి వీల్లేదని భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ అంటుంది. అయితే మీరు చెప్పిన ఆనవాలుతో ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత మేరకు మీ మాట రుజువుగా వస్తుంది. చాలామందికి తెలియకుండా జారిపోయేది ఇక్కడే.

బండి ఆపితే పరిస్థితి వేరా?

వేరే. బండి నడుపుతున్నప్పుడు మీకు బాధ్యతలు ఎక్కువ. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి. ఇక్కడ "కారణం చెప్పండి" అని నిలదీసే అవకాశం లేదు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కూడా అడుగుతారు. డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్న పత్రం చూపిస్తే కాగితంతో సమానం, దీనికోసం కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 139వ నియమాన్ని సవరించారు. ఒక చిన్న సూచన: ఫోన్‌లో పత్రం తెరిచి స్క్రీన్ చూపించండి, ఫోన్ చేతికివ్వక్కర్లేదు.

డ్రంక్ అండ్ డ్రైవ్ దగ్గర ఊదనని మొండికేయడం తెలివైన పని కాదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద నేరం. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. తాగారని అనుమానించడానికి తగిన కారణం ఉండి, మీరు ఊదడానికి నిరాకరిస్తే అదే చట్టం సెక్షన్ 203 కింద వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. చట్టం ఇంకో వైపు నుంచి కూడా గీత గీసింది: ఈ నేరం కింద అరెస్టు చేసిన మనిషికి రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలి, చేయించకపోతే వదిలేయాలి.

చలానా తప్పనిపిస్తే అక్కడే గొడవ పడకండి, కోర్టులో కాదనొచ్చు. డబ్బు కడితే రసీదు తీసుకోండి.

బండి తాళం లాక్కుంటున్నారు. ఆ అధికారం ఉందా?

కదులుతున్న బండి తాళం గుంజుకోమని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. రిజిస్ట్రేషన్ లేకపోవడం, లైసెన్సు లేకుండా నడపడం లాంటి సందర్భాల్లో బండిని స్వాధీనం చేసుకునే అధికారం ఆ చట్టం సెక్షన్ 207లో ఉంది. అది పద్ధతిగా, కాగితం మీద జరగాల్సిన పని. చెయ్యి అడ్డం పెట్టి తాళం లాగడం వల్ల బండి మీదివాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఇది చిన్న విషయంగా వదిలేయకూడదు. ఆ క్షణంలో పెనుగులాడకుండా పేరు, టైము, చోటు రాసుకుని తర్వాత ట్రాఫిక్ ఉన్నతాధికారికి ఫిర్యాదు ఇవ్వండి.

జేబులు, బ్యాగు వెతకొచ్చా?

అరెస్టు చేశాక వెతకొచ్చు. అప్పుడు దొరికిన వస్తువులకు రసీదు ఇవ్వాలని సెక్షన్ 49 చెబుతుంది. అరెస్టుకు ముందు, ఊరికే నడుస్తున్న మనిషి జేబులు తడమాలంటే వేరే చట్టమేదైనా అధికారం ఇచ్చి ఉండాలి. దొంగసొత్తు అని తగిన అనుమానం ఉన్న వస్తువు మీ దగ్గర కనిపిస్తే సెక్షన్ 35 కింద అరెస్టే చేయొచ్చు, 106 కింద ఆ వస్తువును స్వాధీనం చేసుకోవచ్చు. అనుమానానికి ఆధారం ఉండాలి, బట్టలూ వయసూ బస్తీ పేరూ ఆధారాలు కావు. ఎయిర్‌పోర్టులో, సభ జరిగే చోట గేటు దగ్గర జరిగే తనిఖీ వేరు, అది లోపలికి వెళ్లడానికి పెట్టిన షరతు.

గంజాయి లాంటి మాదకద్రవ్యాల అనుమానంతో ఆపితే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం వర్తిస్తుంది. బహిరంగ స్థలంలో సోదా చేసి పట్టుకునే అధికారం ఆ చట్టం 43వ సెక్షన్‌లో ఉంది. దానికి తోడుగా 50వ సెక్షన్ మీకొక గట్టి హక్కు ఇచ్చింది: మీ ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా చేయించుకునే హక్కు మీకుందని పోలీసులే మీకు చెప్పాలి. చెప్పకుండా చేసిన సోదాలో దొరికిన సరుకు ఆధారంగా వేసిన శిక్షలు నిలబడవని సుప్రీంకోర్టు 1999లో బల్దేవ్ సింగ్ కేసులోనూ, 2010లో విజయ్‌సింగ్ జడేజా కేసులోనూ తేల్చింది. అయితే ఈ రక్షణ ఒంటి సోదాకే. చేతిలోని బ్యాగుకు వర్తించదని కోర్టులే చెప్పాయి.

ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి, అదీ మర్యాద తప్పకుండా. దీనికి మినహాయింపు లేదు.

"ఫోన్ అన్‌లాక్ చెయ్" అంటే?

ఈ ప్రశ్న కుర్రాళ్లకు రోజూ ఎదురవుతోంది. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో రోడ్డు మీద యువకులను ఆపి, ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో గంజాయి అనే మాట కోసం వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చి పెద్ద చర్చ అయింది. అప్పుడు వినిపించిన సమర్థన, ఎవరినీ బలవంతపెట్టలేదు, వాళ్లే ఇచ్చారు అని. ఇద్దరు పోలీసులు అటూ ఇటూ నిలబడి అడిగితే ఇరవై ఏళ్ల పిల్లవాడు ఇచ్చిన ఫోన్ నిజంగా ఇష్టంతో ఇచ్చినదేనా? నాకు ఆ మాట ఏనాడూ మింగుడుపడలేదు.

చట్టం సంగతికొస్తే, దారిన పోయేవాళ్ల ఫోన్ చూసే అధికారం ఏ సెక్షన్ కూడా ఇవ్వలేదు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. దాన్ని దాటాలంటే ఒక చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి మించని మోతాదులోనే చొరబాటు ఉండాలి. కేసు ఉన్నప్పుడు పరిస్థితి మారుతుంది. దర్యాప్తు అధికారి ఫోన్‌ను సాక్ష్యంగా స్వాధీనం చేసుకోవచ్చు, సెక్షన్ 94 కింద రాతపూర్వకంగా అడగొచ్చు. ఆ సోదా, స్వాధీనం అంతా వీడియో తీయాలని సెక్షన్ 105 కొత్తగా చెప్పింది. పాస్‌వర్డ్ చెప్పమని బలవంతపెట్టొచ్చా అన్న ప్రశ్న మీద కోర్టులు అన్నీ ఒకే మాట అనలేదు.

కాబట్టి రోడ్డు మీద అడిగితే ఇలా అనండి: "సార్, ఏ కేసులో అడుగుతున్నారో రాసివ్వండి, ఇస్తాను. ఇష్టపూర్వకంగా అయితే ఇవ్వలేను." మాట స్పష్టంగా ఉండాలి. చేతిలోంచి లాక్కుంటే తిరిగి లాక్కోవద్దు. ఇవ్వనన్నారని నలుగురూ వినడం ముఖ్యం.

నా ఫొటో, వేలిముద్రలు తీసుకుంటున్నారు. ఒప్పుకోవాలా?

2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం శిక్ష పడినవాళ్లు, అరెస్టయినవాళ్లు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు లాంటి వాళ్ల ఫొటోలు, వేలిముద్రలు తీసుకోవడానికి వీలు కల్పించింది. రోడ్డు మీద ఆపిన మామూలు మనిషి ఆ జాబితాలో లేడు. తెలంగాణ హైకోర్టులో ముఖ గుర్తింపు టెక్నాలజీ మీద దాఖలైన పిటిషన్ ఇలాంటి ఒక ఫొటోతోనే మొదలైంది. 2021 లాక్‌డౌన్ రోజుల్లో తనను రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని ఫొటో తీశారన్నది పిటిషనర్ వాదన.

"ఊరికే మాట్లాడాలి, స్టేషన్‌కు రా" అంటే వెళ్లాలా?

మన దగ్గర ఎక్కువ అన్యాయం ఈ ఒక్క వాక్యం చాటున జరుగుతుంది. అరెస్టు కాదంటారు, కాగితం ఉండదు, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెడతారు. ఇంట్లోవాళ్లు వచ్చి అడిగితే "విచారణ కోసం పిలిచాం" అంటారు.

చట్టంలో స్టేషన్‌కు పిలిచే దారులు స్పష్టంగా ఉన్నాయి. సాక్షిగా పిలవాలంటే సెక్షన్ 179 కింద రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి, మీరు ఆ స్టేషన్ పరిధిలోనో పక్క స్టేషన్ పరిధిలోనో ఉండాలి. పదిహేనేళ్లలోపు బాలుడిని, అరవై దాటిన పురుషుడిని, ఏ వయసు మహిళనైనా, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లను అలా పిలవడానికి వీల్లేదు. వాళ్లు ఉండే చోటికే వెళ్లి అడగాలి. వాళ్లంతట వాళ్లు వస్తామంటే అది వేరు. మీ మీదే అనుమానం ఉంటే, అరెస్టు అవసరం లేని సందర్భంలో సెక్షన్ 35లోని మూడో ఉపసెక్షన్ కింద హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. ఇదే పాత 41ఏ నోటీసు, ఇప్పటికీ అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. దీన్ని వాట్సాప్‌లో పంపిస్తే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు అందుకుని హాజరవుతూ ఉంటే, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప అరెస్టు చేయకూడదు. అందుకే నోటీసు వస్తే దాచుకుని కూర్చోకండి, వెళ్లండి, లాయరును వెంట తీసుకెళ్లండి.

కాగితం లేకుండా జీపు ఎక్కమంటే అడగండి: "అరెస్టు చేస్తున్నారా సార్? నోటీసు ఉందా?" రెండూ లేవంటే, రానని చెప్పే హక్కు మీకుంది. అయినా తీసుకెళ్తే ఒళ్లు గట్టిపరచి ఎదిరించొద్దు. విధుల్లో ఉన్న ఉద్యోగిని అడ్డుకున్నారని, చెయ్యి చేసుకున్నారని భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షలు చెప్పే వేరే చట్టం) 221, 132 సెక్షన్లు మీ మీద పడితే అసలు అన్యాయం వెనక్కి పోతుంది. పక్కనున్నవాళ్లతో ఇంటికి ఫోన్ చేయించండి. బలవంతంగా తీసుకెళ్లిన క్షణం నుంచే 24 గంటల లెక్క మొదలవుతుందని తెలంగాణ హైకోర్టు 2024లో ఒక కేసులో స్పష్టం చేసింది. రికార్డులో అరెస్టు ఎప్పుడు రాసుకున్నారన్నది కాదు, మనిషిని ఎప్పుడు అదుపులోకి తీసుకున్నారన్నదే లెక్క. ఆ 24 గంటల్లోపు, ప్రయాణానికి పట్టే టైము మినహాయించి, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి.

అరెస్టే చేస్తే ఏమేం చేయాలి వాళ్లు?

అధికారి పేరు కనిపించేలా పట్టీ ఉండాలి. అరెస్టు మెమో రాయాలి. కారణం చెప్పాలి. బెయిలు వచ్చే నేరమైతే ఆ హక్కు ఉందని చెప్పాలి. మీరు చెప్పిన బంధువుకో మిత్రుడికో కబురు పంపాలి. వైద్య పరీక్ష చేయించాలి. ప్రశ్నించే సమయంలో లాయరును కలవనివ్వాలి, అయితే ప్రశ్నిస్తున్నంతసేపూ పక్కన కూర్చునే హక్కు లాయరుకు లేదు. వీటిలో చాలావరకు 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన డీకే బసు తీర్పుతో బలపడి తర్వాత చట్టంలోకి ఎక్కినవి. అరెస్టు కారణాలు అర్థమయ్యేలా తెలియజేయకపోతే ఆ అరెస్టే చెల్లదని 2025లో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అంది.

ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. మూడేళ్ల కంటే తక్కువ శిక్ష ఉన్న నేరంలో అరవై దాటినవాళ్లనో, జబ్బుమనిషినో అరెస్టు చేయాలంటే డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి ముందే కావాలి. ఇది కొత్త చట్టంలో వచ్చిన మంచి మార్పు.

ఆడవాళ్లను రాత్రిపూట అరెస్టు చేయొచ్చా?

సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు చేయకూడదు. అసాధారణ పరిస్థితి అయితే మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా నివేదించి, మొదటి తరగతి మేజిస్ట్రేటు అనుమతి ముందుగా తీసుకోవాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను లాకప్‌లో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు.

అర్ధరాత్రి తిరగడం నేరమా?

కాదు. ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చేవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు, స్టేషన్‌లో రైలు దిగినవాళ్లు అందరూ ఆ టైములోనే రోడ్డు మీద ఉంటారు. కర్ఫ్యూ ఉంటేనో, సెక్షన్ 163 కింద నిషేధాజ్ఞలు ఉంటేనో సంగతి వేరు. జనం ఇంకా 144 అనే అంటారు, ఆ సెక్షన్ నంబరే ఇప్పుడు 163 అయింది. అందులో కూడా ఏం నిషేధించారో ఉత్తర్వులో చదవాలి. నలుగురికి మించి గుమిగూడొద్దంటే ఒంటరిగా నడవడం నేరమైపోదు.

జాగ్రత్తగా ఉండాల్సింది సెక్షన్ 172 గురించి. ఇది పాత చట్టంలో లేదు. నేరాలు జరగకుండా ఆపే విధుల్లో భాగంగా పోలీసు ఇచ్చిన చట్టబద్ధమైన ఆదేశాన్ని అందరూ పాటించాలి, పాటించనివాళ్లను అక్కడి నుంచి తొలగించొచ్చు లేదా నిర్బంధించొచ్చు. మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి, లేదా చిన్న విషయమైతే వీలైనంత త్వరగా, 24 గంటల్లోపు వదిలేయాలి. నాకు ఈ సెక్షన్ మీద ఆందోళన ఉంది, ఎందుకంటే ఆదేశం చట్టబద్ధమా కాదా అని రోడ్డు మీద తేల్చేది ఆదేశం ఇచ్చినాయనే. అందుకే "ఇక్కడి నుంచి వెళ్లిపోండి" అంటే వెళ్లిపోవడం మేలు. ఆదేశం తప్పయితే తర్వాత ఫిర్యాదు చేయొచ్చు.

పార్కులో జంటగా కూర్చుంటే?

ఇద్దరూ పెద్దవాళ్లయితే కూర్చోవచ్చు. పెళ్లి రుజువు అడిగే అధికారం, ఇంటికి ఫోన్ చేసి చెబుతానని బెదిరించే అధికారం ఎవరికీ లేవు. బహిరంగంగా అసభ్య చేష్టలు చేస్తే న్యాయ సంహిత 296 కింద నేరం, ఉత్తగా కూర్చుని మాట్లాడుకోవడం కాదు.

పోలీసులు చేసే పనిని వీడియో తీయొచ్చా?

బహిరంగ స్థలంలో తీయకూడదన్న సాధారణ నిషేధం లేదు. పోలీస్ స్టేషన్ అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రదేశం కాదని బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2022లో చెప్పింది. పని చేసుకోనివ్వకుండా మొహం మీద కెమెరా పెడితే మాత్రం అడ్డుకున్నారన్న కేసుకు దారిస్తుంది. నాలుగడుగులు వెనక్కి నిలబడి తీయండి.

మఫ్టీలో వచ్చి పోలీసులమంటే?

గుర్తింపు కార్డు చూపించమనండి. లైసెన్సు అడిగే అధికారం యూనిఫాంలో ఉన్నవాళ్లకే. అనుమానం వస్తే 112కు ఫోన్ చేసి అడగండి. నకిలీ పోలీసుల మోసాలు ఉన్నాయి కాబట్టి నిజమైన పోలీసు దీనికి తప్పుపట్టకూడదు.

కొట్టారు, కులం పేరుతో తిట్టారు. ఎక్కడికి వెళ్లాలి?

ముందు ప్రభుత్వ ఆస్పత్రికి. దెబ్బలు కనిపిస్తుండగానే డాక్టరు చేత రాయించుకోండి. మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లినట్టయితే అక్కడే నోరు తెరిచి చెప్పండి, చాలామంది అక్కడ భయపడి ఊరుకుంటారు, తర్వాత ఆ మౌనమే వాళ్లకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. ఒప్పించడానికి కొట్టడం న్యాయ సంహిత 120 కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరం. నలుగురి ముందు దళితులనో ఆదివాసీలనో కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకో కమిషనర్‌కో రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది. మానవ హక్కుల కమిషన్‌కు రాయాలంటే ఏడాది లోపే రాయాలి. స్టేషన్ లోపల జరిగితే సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా కోరండి. ప్రతి స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. లాయరుకు డబ్బు లేకపోతే 15100కు ఫోన్ చేయండి, అది న్యాయ సేవల సంస్థ నంబరు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం అందుతుంది.

వేరేవాళ్లను ఆపుతుంటే నేను నిలబడి చూడొచ్చా?

చూడొచ్చు, చూడాలి కూడా. మధ్యలో దూరొద్దు, దూరంగా కదలకుండా నిలబడండి. ఆ మనిషి ఇంటి నంబరు చెబితే ఫోన్ చేసి ఏ స్టేషన్‌కు తీసుకెళ్తున్నారో చెప్పండి. అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యుడో ఆ ప్రాంతంలోని పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలని సెక్షన్ 36 అంటుంది. ఆ సంతకం మిమ్మల్ని అడిగితే వెనకడుగు వేయకండి. పెట్టే ముందు మెమోలో రాసిన టైము, మీరు చూసిన టైము ఒకటేనా అని చూసుకోండి. తేడా ఉంటే మీరు చూసిన టైమును మీ సంతకం పక్కనే రాయండి.